ఇక

హకొదాతేలో, టోఫు కొట్టు మీది గదిలో
బుధవారం మధ్యాహ్నాలు తొమ్మిదిమంది ఆడవాళ్ళు,
ఒక సకుమా తేయిజి.
నలభై ఏళ్ళు పడవ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి.
చెయ్యి ఆపరేషనయ్యాక డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే
నాలుగు రోజులు నొక్కి, విసుగుపుట్టి,
కింద టోఫుకని వచ్చినవాడు
మెట్లెక్కి పైకొచ్చాడు.

మొదటి నెలంతా బంతులే.
వేలికి చుట్టిన ఊలు ఉచ్చులో ఆరు కుట్లు,
తోక లాగితే మధ్య కన్నం మూసుకుపోవాలి.
ఆయనకి మూసుకోలేదు.
నీళ్ళు కారే వాల్వు, అని తనే నవ్వుకున్నాడు.
ఆరు పన్నెండు, పన్నెండు పద్దెనిమిది,
లెక్క తప్పితే బంతి కాస్తా బంగాళాదుంప.
వరస మొదలు తెలియడానికి అందరూ గులాబిరంగు క్లిప్పులు పెడితే
ఈయన జేబులోంచి స్ప్లిట్ పిన్ను తీసి గుచ్చాడు.

బంతి తర్వాత ఎలుగుబంటి, అంది పాఠం చెప్పే చినామి,
ఇరవై రెండేళ్ళ పిల్ల, మోచేతుల దాకా సోయా వాసన.
కాదు, ఇక, అన్నాడు.

అక్కడివాళ్ళ మాటలో ఇక అంటే స్క్విడ్.
నా మాటలో ఇక
చాలు అనడానికి ముందొచ్చేది,
పద అనడానికీ ముందొచ్చేది.
ఆ అమ్మాయికి వెంటనే అర్థమైంది,
రాస్తున్న నేనే కాసేపు ఆగాను.

కష్టమంతా చేతుల్లో ఉంది.
చుట్టూ ఆరే కుట్లు, రెండు మిల్లీమీటర్ల కొక్కెం,
చిటికెన వేలు కూడా దూరని గొట్టం.
అందులోకి దూదిని చాప్‌స్టిక్‌తో తోసుకుంటూ పోవాలి.
ఎక్కువ కూరితే కుట్ల సందుల్లోంచి తెల్లగా నవ్వుతుంది,
తక్కువైతే వేలాడుతుంది.
రంగు మార్చాలంటే పాత కుట్టు చివరి లాగుడికే
కొత్త పోగు అందుకోవాలి,
కుట్టు పూర్తయ్యాక అందుకుంటే ఆలస్యమే.
గేరు మార్చడమేగా, అన్నాడు.
తగ్గించేచోట రెండు కుట్ల ముందు పోగుల్నే పట్టి ఒకటి చెయ్యాలి,
లోపల ఇద్దరున్నారని బయటికి తెలియకూడదు.

మూడుసార్లు విప్పాడు.
విప్పిన ఊలు నూడుల్సులా వంకర్లు తిరిగి
పాత కుట్లని మర్చిపోనంటుంది.
చినామి టోఫు ఆవిరి మీద పట్టి సాపుచేసి ఇచ్చేది.
నాలుగోసారి విప్పుతుంటే పక్క కుర్చీ ఓయమదా గారు
చేతిమీద ఒక్కటేసింది:
"ఒక్క కుట్టు తేడా దేవుడికైనా కనపడదు."
"వదులు నట్టు కూడా రేవులో కనపడదమ్మా" అని
విప్పేశాడు.

మంచు పడటం మొదలైన వారం
నమూనా కాగితం అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.
ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.
"ఎనిమిదే. ఇది ఆక్టోపస్‌కి చుట్టం.
ఇకకి ఇంకో రెండుంటాయి, పొడుగువి,
చివర గరిటెల్లా వెడల్పు.
పడవ దీపాలకి పైకొచ్చినప్పుడు
ముందు చాచేవి అవే."
అవి ఎలా అల్లాలో కాగితంలో లేదు.
చినామికీ తెలీదు.

ఆ రాత్రి ఇంజను లాగ్‌బుక్కు చివరి పేజీల్లో,
ఆయిలు మార్చిన గంటల పక్కన,
పెన్సిలుతో: ఆరు, ఆరు, ఆరు, యాభై వరసలు,
ఆ పైన ఒకవైపే పెంచు.
కొట్టివేత. ఒకవైపు పెంచితే గరిటె వంగింది.
ఎదురెదురుగా పెంచితే చదునైంది.
రెండూ ఒకే పొడుగు రాలేదు.
అది మాత్రం విప్పలేదు. అసలువాటికీ అంతేనట.

బల్లమీద పెడితే నిలబడలేదు, పక్కకి ఒరిగింది.
సముద్రంలో నిలబడేదేముంది, అన్నాడు.
చినామి ఆ పేజీ అడిగి రాసుకుంటూ
గరిటె దగ్గర ఆగి
ఇది మళ్ళీ చెప్పండి, అంది.

ఇప్పుడు కాకిని మొదలుపెట్టాడు.
నల్ల ఊలు, పైగా నూగుది.
కుట్టు కంటికి ఆనదు, తప్పు పడితే విప్పుకోనూ రాదు.
కిటికీ దగ్గర కూర్చోండంటే వద్దన్నాడు.
ఇంజను కింద వెల్లకిలా పడుకుని
కనపడని బోల్టుని వేలితో వెతికినట్టు
కళ్ళు మూసుకుని
పద్దెనిమిది, పంతొమ్మిది,
ఆగి,
వెనక్కి ఒక్కటి తడిమి,
పద్దెనిమిది.